రేకుకు అవతలి చెయ్యి

ఇది మొదటిది, అనుకున్నాడు రఘునాథ్. డీజే బండి ముందు సీట్లో, వీపు వెనక రేకు వణికింది, ఆ వణుకు వెన్నులోంచి పాకి పళ్లు జివ్వుమన్నాయి. రెండు పాటలు, ఒకే కాడికి కట్టిన ఎద్దూ దున్నపోతూ లాగా, ఒకటి ముందుకూ ఒకటి పక్కకూ లాగాయి. ఒకదాని దరువు ఇంకోదాని కాళ్లు తొక్కింది. నాలుగు క్షణాలు, ఐదు, ఆరు, అప్పటికి గానీ పైనున్న పిల్ల చెయ్యి వాటిలో ఒకదాన్ని నొక్కెయ్యలేదు. ఆరు క్షణాలంటే మాటలా. ఆరు క్షణాల్లో ఆడుతున్న మనిషి అడుగు తప్పుతాడు, పక్కవాడి ముఖం చూస్తాడు, తను ఆడుతున్నానన్న సంగతి గుర్తొచ్చి సిగ్గుపడతాడు. ఒకసారి సిగ్గుపడిన గుంపును మళ్లీ ఆడించడం ఎంత కష్టమో ఫోన్లో నేర్చుకున్న వాళ్లకు ఎవరు చెప్తారు. మూడు తప్పులు, అని పొద్దున తనే అన్నాడు. అమర్‌సింగ్ పెళ్లింటి ముందు నుంచి మరిపెడ రోడ్డు దాకా నువ్వే వాయించు, నేను ముందు కూర్చుని వింటాను, మూడో తప్పు వినపడగానే ఎక్కి వచ్చి నిన్ను దించేస్తాను, ఆ తర్వాత ఈ మిక్సర్ వైపు కన్నెత్తి చూడకు. మూడు కాకముందే రోడ్డెక్కితే ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ నువ్వే వాయించు. ఆ పిల్ల తలూపింది. భయపడి ఊపిందో, పొగరుతో ఊపిందో తెలియలేదు. ఇంకా తండా మొదటి మలుపైనా తిరగలేదు, ఒకటి అయిపోయింది.

బండి మనిషి నడక కన్నా మెల్లగా పోతోంది. వెనక ఆడేవాళ్లు ఎంత వదిలితే అంత. కిలోమీటరు దారికి గంట, ఏ అప్పగింతల ఊరేగింపుకైనా అంతే. డ్రైవర్ హన్మంత్ ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి ఇంకో చేత్తో పల్లీలు వలుచుకుంటున్నాడు, పొట్టు కాళ్ల దగ్గర పోస్తున్నాడు, వెయ్యిసార్లు చెప్పినా అంతే. రఘునాథ్ ఒళ్లో చిలకాకుపచ్చ గుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. మిక్సర్ మీద కప్పే తొడుగు అది. మిక్సర్ ఇంటికొచ్చిన వారంలోనే సునంద తన పాత చీర కోసి కుట్టింది, మూలలకు నాడాలు కూడా పెట్టింది. మూడేళ్లయింది ఆమె పోయి, నాడాలు మాత్రం ఊడలేదు. వెనక్కి తిరిగి చూద్దామంటే అద్దానికి అడ్డంగా బేస్ బాక్సులు. వాటి మీద తెల్లరంగుతో సునంద సౌండ్ సర్వీస్ అని ఉంటుందని తెలుసు గనక చదవాల్సిన పని లేదు. పెళ్లయిన కొత్తలో ఆ పేరు రాయిస్తే ఆమె పడీపడీ నవ్వింది, నా పేరు ఊళ్లోవాళ్ల చెవులు పగలగొట్టనీకి పనికొచ్చింది అని. ఇప్పుడు పగిలింది ఎవరి చెవులు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ దానిలో ఎప్పుడూ కీచురాయి. బాక్సుల పక్కన నిలబడితే ఆ కాస్తా పోతుందని డాక్టరు చెప్పాడు, ఫీజు తీసుకోకుండా చెప్పాడు, అది ఆయన దయ. అందుకే ఈ ముందు సీటు. ముప్పై రెండేళ్లు మిక్సర్ వెనక నిలబడిన మనిషి ఇప్పుడు రేకుకు వీపు ఆనించి, వీపుతో వింటున్నాడు.

కల్యాణ్ ఉండి ఉంటే ఈ గతి పట్టేది కాదు. ఏడేళ్లు పక్కన పెట్టుకుని నేర్పిన చెయ్యి, నాలుగు రోజుల కింద ఒక్క ఫోన్ చేసి పోయాడు, భూపాలపల్లి దిక్కు పోతున్న సారూ, ఘనపూర్ జగపతి సేటు పిలిచిండు అని. పిలవడూ మరి. పొలాలున్నాయి, పార్టీ ఉంది, పెట్రోలు బంకు ఉంది, కొడుకు నిఖిల్‌కు తోచడం లేదు, తోచని కొడుక్కి కారు కొంటారు, కారు విసుగొస్తే మిక్సర్ కొంటారు. రఘునాథ్ దగ్గరున్న రకమే, దానికన్నా రెండాకులు ఎక్కువ చదివింది. టేకుమట్లలో వాళ్ల బంధువుల పెళ్లికి తనను ప్రత్యేకంగా రమ్మని పిలిచి చూపించాడు జగపతి. చూశాడు తను. చూసి ధన్యుడయ్యాడు. నల్లద్దాలు, ఒక చెవికి హెడ్‌ఫోను, చేతులు గాల్లో. ఒక్కో గుండ్రటి మీటనూ కళ్లు మూసుకుని తిప్పుతున్నాడు నిఖిల్, దేవుడికి హారతిస్తున్నవాడిలా. దగ్గరికి పోయి చూస్తే మిక్సర్ మీద ఒక్క లైటు కూడా వెలగడం లేదు. స్విచ్చి వెయ్యలేదు. పాటలన్నీ ఎవడో హైదరాబాదులో కలిపి పంపిన పెన్‌డ్రైవులోంచి, కింద ఆంప్లిఫైయర్లోంచి వస్తున్నాయి, అబ్బాయిగారు చచ్చిన మీటలు తిప్పుతున్నారు. రెండు వందల మంది ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. జగపతి భుజం మీద చెయ్యి వేశాడు. "మావోడు నెల రోజుల్ల నేర్చుకున్నడు రఘునాథ్. నువ్వు ముప్పై ఏండ్లు ఏం జేసినవయ్యా?" అన్నాడు, నవ్వుతూ, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. ఆ మిక్సర్‌కు నోరుంటే ఏడ్చి ఉండేది. నోరు లేదు గనకే దాన్ని కొనగలిగారు. ఆ తర్వాత ఎవరో చెప్పి ఉంటారు స్విచ్చి సంగతి, అందుకే కల్యాణ్. ఇప్పుడు కల్యాణ్ టేబుల్ కింద గుడ్డ చాటున కూర్చుని నిజం మీటలు తిప్పుతాడట, నిఖిల్ పైన చేతులు తిప్పుతాడట. ఏడేళ్ల విద్య టేబుల్ కిందికి పోయింది.

అందుకే తన సూత్రం తనది. నేర్చుకోనివాడు ముట్టుకోకూడదు. ఉన్నవాడైనా అంతే, లేనివాడైనా అంతే. జనగామలో బీఎస్సీ చదివేటప్పుడు స్టేషన్ రోడ్డులో దామోదర్ మైక్ షాపు ఉండేది. పొడుగు మనిషి, మాట కురచ. సాయంత్రాలు అక్కడ చేరేవాడు తను. రెండేళ్లు ఆయన ఆంప్లిఫైయర్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు, వైర్లు చుట్టించాడు. వైరు చుట్టడం అంటే మోచేతికీ అరచేతికీ మధ్య పగ్గం చుట్టినట్టు చుట్టడం కాదు, అలా చుడితే లోపలి తీగ మెలిపడి ఆర్నెల్లలో తెగుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు లోపల్నుంచి, వైరు తనకు తాను ఎటు ఒంగాలనుకుంటే అటు ఒంగనివ్వాలి. రెండేళ్ల తర్వాత ఒక రోజు దామోదర్ లేచి కుర్చీ వదిలేశాడు. అంతే, అదే పట్టా. తను కూడా అలాగే నేర్పాడు, కల్యాణ్‌కూ రెండేళ్లు వైర్లే. ఇక ఈ అఖిల, పెళ్లికూతురి తండ్రి అమర్‌సింగ్ తమ్ముడి బిడ్డ, అదే జనగామలో డిగ్రీ చదువుతోందట, పొద్దున బాక్సులు దింపుతుంటే వచ్చి నిలబడి, నేను కొట్టనా సారూ అంది, మంచినీళ్లు తాగనా అన్నంత సులువుగా. మొదటిసారి విననట్టు ఊరుకున్నాడు. రెండోసారి ఊరుకోలేదు.

"ఏడ నేర్చుకున్నవ్?"

"ఫోన్ల."

"ఈత గూడ ఫోన్లనే నేర్చుకుంటవా?"

"బాయి కాడికి రానియ్యకుంటే ఫోన్లనే నేర్చుకుంటం గద సారూ."

అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. హన్మంత్ కూడా నవ్వాడు, జీతం తన దగ్గర తీసుకుంటూ. తను మిక్సర్ విప్పుతుంటే ఆ పిల్ల చొరవగా వైరొకటి తీసి చుట్టింది, అచ్చంగా మోచేతికీ అరచేతికీ మధ్య, పగ్గం చుట్టినట్టు. ఆ చుట్ట చూసినప్పుడే ససేమిరా అనాల్సింది. కానీ ఆపరేటర్ లేడు, తన చెవి తనకు లేదు, లంబాడీ భాషలో వాళ్లాడుకునే పాటల్లో ఏది దేని తర్వాత వస్తే కాళ్లు లేస్తాయో తనకు తెలియదు, అప్పటికే పందిట్లో తాళి కట్టేశారు. అమర్‌సింగ్ నిలబడి చూస్తున్నాడు, అడగలేదు. అడిగి ఉంటే కాదని ఉండేవాడు. అందుకే మూడు తప్పుల మాట పుట్టింది. ఉదారం ఏమీ కాదది, ఉరితాడు పొడుగు కొలిచి ఇవ్వడం.

మలుపు తిరిగింది బండి. దారికి రెండు వైపులా మిరపకాయలు ఆరబోశారు, ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చుంది, హన్మంత్ రెండుసార్లు తుమ్మి దేవుణ్ని తలుచుకున్నాడు. బేస్ కొట్టినప్పుడల్లా అంచున ఉన్న కాయలు చిన్నగా ఎగిరి దారిలోకి దొర్లుతున్నాయి. ఒక ముసలావిడ చీపురుతో వాటిని వెనక్కి తోస్తోంది, అవి మళ్లీ వస్తున్నాయి, ఆవిడ మళ్లీ తోస్తోంది, కోపం లేదు ఆ ముఖంలో, పిల్లల్ని లోపలికి తోస్తున్నట్టు తోస్తోంది. గుమ్మంలో ఒక తల్లి చంటిదాని రెండు చెవులూ అరచేతులతో మూసి తను మాత్రం దరువుకు తల ఊపుతోంది. ఇట్లాంటివి చూసినప్పుడు ఈ వృత్తి మీద కాస్త గౌరవం కలుగుతుంది అతనికి. ఆ గౌరవంలో ఉండగానే బేస్ చచ్చిపోయింది. ఉన్నట్టుండి. రేకు వణకడం ఆగింది, పైన సన్నటి పాట మాత్రం, రేడియోలో వచ్చినట్టు పల్చగా వస్తోంది. అదీ, చెయ్యి జారింది. రెండోది. మూడు లక్షల మిక్సర్‌ను ఇంటర్ పాసైన వేళ్లకిస్తే ఇట్లాగే జారుతుంది. ఇది నీ ఫోను కాదమ్మా, దీనికి బరువుంది, దీని మీటకు వెంట్రుకవాసి జరిగితే గుండెలదిరే శక్తి ఉంది, అలాంటి దాన్ని...

"బాల్‌సింగ్ తాత ఇల్లు సారూ గది," అన్నాడు హన్మంత్ పల్లీ నములుతూ. "గుండె కోసిండ్రు పోయిన నెల."

ఎడమ వైపు చూశాడు. రేకుల ఇంటి ముందు నులక మంచం, దాని మీద చొక్కా లేని ముసలాయన, ఛాతీ మధ్యలో కొత్త దారంతో కుట్టినట్టు ఎర్రటి గీత. ఆయన బండి మీదికి, పైన ఎవరి వైపో చూసి చెయ్యెత్తాడు. బండి ఆ ఇల్లు దాటింది, ఇంకో రెండిళ్లు దాటింది, అప్పుడు బేస్ మళ్లీ వచ్చింది, ఒక్కసారి కాదు, మెట్టు మెట్టుగా, పైకెక్కుతున్నవాళ్ల కాళ్లలా. రఘునాథ్ ఒళ్లోని గుడ్డ మడత విప్పి మళ్లీ పెట్టాడు. తప్పా, కాదా. ఆడేవాళ్ల కాళ్ల కింద నేల లాగేసినట్టే కదా అది, వాళ్ల కోణంలో తప్పే. చెప్పి చెయ్యాలి, దానికో పద్ధతుంది, మధ్యలో ఒక పల్చటి చరణం ఉన్న పాట ముందే చూసి పెట్టుకోవాలి, ఆ ఇంటి ముందుకు సరిగ్గా ఆ చరణం వచ్చేట్టు. అంత చేస్తే అది పనితనం. ఇది పనితనం కాదు, మంచితనం; మంచితనానికి మిక్సర్ ఎందుకు. సరే, సగం వేసుకుందాం. ఒకటిన్నర. ముప్పై రెండేళ్ల పెద్దమనిషి లెక్క, పావలాలు అర్ధలతో. తన మీద తనకే నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

చెయ్యి జారి ఉంటుంది. ఈ మాట ఇంతకు ముందొకసారి అన్నాడు తను, ఎక్కడ, దవాఖానలో. సునంద ఆఖరి నెల. రెండో అంతస్తు గది, కిటికీ కింద రోడ్డు, ఎవరిదో పెళ్లి బారాత్ వస్తోంది దూరం నుంచి, కిటికీ అద్దాలు గీపెడుతున్నాయి, సెలైన్ సీసా కొక్కేనికి తగిలి టకటకమంటోంది. తను లేచి కిటికీ వెయ్యబోతే ఆమె వద్దంది, నీ తమ్ములొస్తున్నరు, ఎదురుపోవా, అంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా ఆ మాటలో వెటకారం తడిగానే ఉంది. గేటు ముందుకు వచ్చేసరికి ఆ పాట తగ్గింది. అద్దాలు ఊరుకున్నాయి, సీసా ఊరుకుంది. ఎవరో ఎవరికీ కనపడకుండా ఒక మీట కిందికి దించారు, గేటు దాటాక పైకి తీశారు. ఎవరో మంచిగ నేర్చుకున్నోడు, అంది సునంద కళ్లు మూసుకుని. నేర్చుకున్నడా పాడా, చెయ్యి జారి ఉంటది, అన్నాడు తను. ఎందుకన్నాడో. ఆ బారాత్ వాయించినవాడు తను కాదు గనక. ఆ చిన్న దయ వేరే చేతిది గనక. ఆమె అనకుండా వదిలేసినవి ఎన్ని. మిక్సర్ వచ్చిన రోజు, కొంటే మంచిదే కొను, చిన్నవి కొని కొని నీ బతుకంతా చిన్నగయింది అని పోరు పెట్టి కొనిపించింది ఆమే. అట్టపెట్టె విప్పి బల్ల మీద పెట్టగానే కుతూహలంగా గుండ్రటి పళ్లెం మీద వేలు పెట్టి తిప్పింది, కప్ప అరిచినట్టు కెర్రుమంది అది, పగలబడి నవ్వింది, ఇంకోసారి తిప్పబోయింది. ముట్టకు, అని అరిచాడు. నీకేం తెలుసని ముడతవ్. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఎప్పుడూ ముట్టుకోలేదు. వారం తర్వాత తొడుగు కుట్టి, దూరంగా నిలబడి, ఇట్ల కప్పుతే సరిపోతదా అని అడిగింది. కొలత సరిగ్గా సరిపోయింది, ముట్టుకోకుండానే ఎట్లా కొలిచిందో.

నేర్చుకున్నవాడు. తను నేర్చుకున్నవాడే కదా, ఇదే తండాలో, ఇరవై ఏళ్ల కింద. అప్పుడు డీజేలు ఎక్కడివి, రెండు హారన్లు, నాలుగు బాక్సులు, ఒక మైకు, కానీ ఆ మైకు మానుకోట ప్రాంతం మొత్తంలో తన దగ్గరే ఉంది, చీమ నడిచినా వినిపించేది. అమర్‌సింగ్ చెల్లెలి పెళ్లి. అప్పగింతలప్పుడు ఆ అమ్మాయి తల్లి ద్వాళి మెడ చుట్టూ చేతులు వేసి వాళ్ల భాషలో ఏదో సాగదీసి పాడడం మొదలుపెట్టింది. ఢావ్లో అంటారు దాన్ని, ఇప్పుడు తెలుసు; పుట్టిల్లు వదిలే పిల్ల ఒక్కొక్కరి మెడా పట్టుకుని, వాళ్లు తనకు చేసినవన్నీ చెప్పుకుంటూ ఏడుస్తుంది, ఆ ఏడుపుకు ఒక రాగం ఉంటుంది. అప్పుడు తనకు అది పాటలా వినపడింది. మంచి పాట, ఎవరికీ వినపడకుండా పోతోంది. పరుగెత్తుకు పోయి ఆ అమ్మాయి నోటి ముందు మైకు పెట్టాడు. సదుద్దేశంతోనే. పన్నెండేళ్ల అనుభవం అప్పటికి, రెండేళ్ల వైర్లతో కలిపి పద్నాలుగు. ఆ పిల్ల వెక్కు ఒకటి తండా అంతా, చేల మీదంతా, రోడ్డు మీద ఆగిన ఆర్టీసీ బస్సు దాకా మోగింది, మోగినది తిరిగి మైకులో పడి కీచుమని లేచింది, ఆ పిల్ల తన ఏడుపు తనే విని బెదిరి నోరు మూసుకుంది. ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకోలేకపోయింది. ద్వాళి చెయ్యి చాచి మైకు మీద అరచెయ్యి పెట్టింది, పాల గిన్నె మీద మూత పెట్టినట్టు, అట్లా పట్టుకుని నిలబడింది కూతురు బండెక్కే దాకా. ఆ అరచేతి కింద తన మైకు ఊపిరి బుసబుసమని వినిపించింది అందరికీ. ఇంటికొచ్చే దారిలో సునంద, ఆ రోజు పెళ్లి చూద్దామని తనతో వచ్చింది, చాలాసేపు కిటికీలోంచి చూసి చూసి, ఏడ్పుకు మైకెందుకు, అంది. అంతే అంది. తను వైరు సరిగ్గా చుట్టలేదని పక్కనున్న పనివాణ్ని తిట్టాడు.

ఎంత చక్కటి మనుషులు. ఆ తర్వాత కూడా ప్రతి పెళ్లికీ తననే పిలిచారు. నిఖిల్ స్విచ్చి వెయ్యకుండా తిప్పాడు, తను స్విచ్చి వేసి తిప్పాడు, ఇద్దరిలో ఎవరి మిక్సర్ ఎవరికి ఎక్కువ చెరుపు చేసింది. వాడి మీట ఏ పెళ్లికూతురి నోరూ మూయించలేదు. ఎక్కడో మువ్వలు చప్పుడవుతున్నాయి. మెడలో నాణేల దండలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. ఎవరో దగ్గారు, మిరప ఘాటు. జనరేటరు డుగడుగ. కోడి. హన్మంత్ పల్లీ కాయ చిదిపిన చప్పుడు కూడా, ఎడమ చెవికి, తేటగా.

పాటేది.

రేకుకు వీపు గట్టిగా ఆనించాడు. వణుకు లేదు. బండి ఆగి ఉంది, అద్దంలోంచి ముందు మరిపెడ రోడ్డు కనిపిస్తోంది, పెళ్లికొడుకు కారు పూలదండలతో నిలబడి ఉంది. ఎప్పుడాగింది పాట. ఆంప్లిఫైయర్ పోయిందా. పోతే టప్‌మని కొట్టేది, వీపుకు తెలిసేది. వైరు తెగిందా, ఆ మోచేతి చుట్టకు తెగే ఉంటుంది. ఇదిగో, మూడోది, ఒకటిన్నరలూ లేవు పావులూ లేవు, పెళ్లి గుంపును నడిరోడ్డు మీద మూగగా నిలబెట్టడం అంటే అది మూడు తప్పుల పెట్టు. దిగేటప్పుడు ఒక రకమైన తృప్తి కూడా కలిగింది, ఎండలో చల్లటి నీళ్లు తగిలినట్టు. తన సూత్రం నిలబడింది. గుడ్డ భుజం మీద వేసుకున్నాడు, మిక్సర్ మీద కప్పెయ్యడానికి. బండి పక్క నుంచి వెనక్కి నడిచాడు.

ఆడేవాళ్లందరూ ఆగి ఉన్నారు, చెమటలు కారుతున్నాయి, ఎవరూ తుడుచుకోవడం లేదు. గుంపు మధ్యలో విజయ, అమర్‌సింగ్ కూతురు, ద్వాళి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పాడుతోంది. అప్పటి తల్లి ఇప్పుడు నానమ్మ. విజయ గొంతు పెద్దది కాదు. అయినా ఆ గొంతు తప్ప ఇంకేమీ లేదక్కడ, అది ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గుతోంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటోంది, ముసలామె ఆ పిల్ల వీపు మీద దరువు వేస్తున్నట్టు నెమ్మదిగా తడుతోంది. రఘునాథ్ బండి పక్క మెట్టు మీద కాలు పెట్టి పైకెక్కాడు. మిక్సర్ వెలుగుతోంది. అన్ని లైట్లూ ఆకుపచ్చగా, పాట ఇంకా తిరుగుతూనే ఉంది లోపల, అసలు మీట మాత్రం అట్టడుగున ఉంది, దాని మీద అఖిల వేలు. ఆ వేలు కదలకుండా ఉండడానికి చెయ్యంతా బిగబట్టి ఉంది, మణికట్టు దగ్గర నరం తేలింది. అతన్ని చూసి ముఖం పాలిపోయింది.

"మూడయినయా సారూ?" అంది గుసగుసగా.

"ఎప్పుడు తగ్గించినవ్?"

"బాల్‌సింగ్ తాత ఇల్లు దాటినంక మొదలువెట్టిన. మెల్లగ తగ్గించుకుంట వచ్చిన. పాట నడుమల ఆగితే విజయకు శరమైతది గద, అందరు సూస్తరు. అదే ఎప్పుడు ఎత్తుకుంటదో దానికే తెల్వకుండ ఉండాలె."

బాల్‌సింగ్ ఇంటి నుంచి ఇక్కడికి ఇరవై నిమిషాల దారి. ఇరవై నిమిషాలు ఈ పిల్ల ఒక పాటను అతని వీపు మీద నుంచి వెంట్రుక వెంట్రుకగా తీసేస్తుంటే, ముప్పై రెండేళ్ల వీపుకు తెలియలేదు. వెనక ఆడేవాళ్ల కాళ్లకూ తెలియలేదు. అతనికి పొగడాలనిపించలేదు, అది అతని వల్ల కాదు. దామోదర్‌కు కోపం వచ్చి ఉండేది, అనుకున్నాడు, రెండేళ్లు వైర్లు చుట్టని వేలు ఇది. నిఖిల్‌కు తెలియనే తెలిసేది కాదు. ఆ వేలు ఎక్కడ నేర్చుకుంది దీన్ని, ఫోన్లోనా, ఫోన్లో ఇది ఉండదు. అతని చెయ్యి తనంతట తనే మీట వైపు పోయింది, అలవాటు, పాటను తిరిగి తెచ్చే ఆ మొదటి అంగుళం ఎప్పుడూ తనదే. అఖిల ఆ చేతిని చూసింది. వేలు తియ్యలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, బల్ల మీది కొత్త మిక్సర్ దగ్గర నుంచి ఒకప్పుడు ఇంకొకరు తీసుకున్నట్టు.

ఢావ్లో అయిపోయింది. విజయ ఇంకో మెడ వెతుక్కుంటూ జరిగింది, పిన్నిదో అత్తదో. ద్వాళి కొంగుతో ముఖం ఒత్తుకుని తలెత్తి బండి మీద నిలబడిన మనిషిని చూసింది. గుర్తుపట్టింది. ఎప్పుడో గుర్తుపట్టే ఉంటుంది.

"గీపారి మైకు తేలేదా సారూ?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె తల నిలువుగా ఊపింది, మంచిది అన్నట్టో, నీకింతసేపు పట్టిందా అన్నట్టో, ఆ కళ్లలో రెండూ ఉన్నాయి.

భుజం మీది చిలకాకుపచ్చ గుడ్డ తీశాడు. మిక్సర్ మీద కప్పలేదు. మడత సరిచేసి అఖిల పక్కన బాక్సు మీద పెట్టాడు.

"అయిపోయినంక గిది కప్పు. నాడాలు గుంజకు, పాతయి," అన్నాడు. "ఇంగ వైరు అట్ల చుట్టినవంటే చెయ్యిరుస్త. పగ్గమనుకున్నవా."

ఆ పిల్ల నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగింది. అతను అప్పటికే దిగిపోయాడు. కాబిన్ దాకా నడిచి, పల్లీ పొట్టు కాలితో బయటికి తోసి, సీట్లో కూర్చుని, వీపు రేకుకు ఆనించాడు. హన్మంత్ కాయ ఒకటి వలిచి గింజలు అతని అరచేతిలో పోశాడు. చాలాసేపటికి, ఆఖరి మెడ కూడా అయిపోయాక, విజయ కారు తలుపు మూసుకున్నాక, వెనక పాట లేచింది. ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా, నేల వణకడం మొదలైంది, కాళ్లు లేచాయి, బండి కదిలింది. రోడ్డెక్కుతుండగా రెండో పాట వచ్చింది, మొదటి దాని పక్కన నిలబడింది, ఎద్దూ దున్నపోతూ మళ్లీ ఒకే కాడికి కట్టుబడి చెరోవైపు బయల్దేరాయి, నాలుగు క్షణాలు, ఐదు, ఆరు, ఏడు, ముప్పై రెండేళ్లలో ఇంత దరిద్రంగా రెండు పాటలు కలపడం అతను వినలేదు. పళ్లు జివ్వుమన్నాయి.

"ఎక్కుతవా సారూ పైకి?" అన్నాడు హన్మంత్ బ్రేకు మీద కాలు పెట్టి.

"ఛీ," అన్నాడు రఘునాథ్, పల్లీ గింజ నోట్లో వేసుకుని. "ఏం కలుపుతదిరా అది. వచ్చే పెళ్లి ఏడ?"